ఏ విశాఖ? ఏ జ్వరం?

జిల్లాల విభజన జరిగిన మరుసటి ఏడాది వానాకాలంలో, వార్తారచన తరగతిలో మా విద్యార్థిని ఒకామె తన మొదటి ఆరోగ్య వార్తను రాసి తెచ్చింది. రెండేళ్ల కిందటితో పోలిస్తే విశాఖ జిల్లాలో మలేరియా కేసులు భారీగా తగ్గాయన్నది దాని సారాంశం. అధికారి చెప్పిన సంఖ్యను సరిగ్గానే రాసుకుంది, పాత సంఖ్యను పాత పత్రికల్లో వెతికి పట్టుకుంది, శాతాన్ని కూడా తప్పు లేకుండా లెక్కకట్టింది. అంత శ్రద్ధగా రాసిన వార్తను నేను పక్కన పెట్టడం చూసి చిన్నబుచ్చుకుంది. ఆమెది డుంబ్రిగుడ వైపు ఊరు. "మీ ఊళ్లో ఈ ఏడు చలిజ్వరాలు తగ్గాయా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "లేదు మాస్టారూ, మా ఇంట్లోనే ఇద్దరికి వచ్చింది" అంది. ఆ మాట అన్నాక తన వార్త వైపు తనే మళ్లీ చూసుకుంది.

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖపట్నం జిల్లా మూడుగా విడిపోయింది. అంతవరకు 11,161 చదరపు కిలోమీటర్లున్న జిల్లా 1,048 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయి రాష్ట్రంలోకెల్లా చిన్న జిల్లా అయింది. అనకాపల్లి వేరే జిల్లాగా వెళ్లిపోయింది. పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు, డుంబ్రిగుడ, అరకులోయ, అనంతగిరి అనే పదకొండు కొండ మండలాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఉమ్మడి జిల్లా మలేరియా కేసుల్లో అధిక భాగం ఏటా ఆ పదకొండు మండలాలవే. కొండలు జిల్లా దాటి వెళ్లిన రోజున ఆ కేసులూ కాగితం మీద జిల్లా దాటాయి. మా అమ్మాయి రాసిన వార్తలో ప్రతి సంఖ్యా నిజమే అయినా, ఒకే పేరుతో ఉన్న రెండు వేర్వేరు భూభాగాలను ఆమె పోల్చింది.

చాలా ఏళ్లు విలేకరిగా పనిచేసి పాఠాలు చెప్పడానికి వచ్చినవాణ్ణి. పత్రికలో ఉన్నప్పుడు నాకు ఆరోగ్యం, ప్రాంతీయ చరిత్ర అనే రెండు రకాల పని అప్పగించేవారు. మొదటిది రోజువారీ వార్త, రెండోది ఆదివారం వ్యాసం అని అందరూ అనుకున్నట్టే నేనూ అనుకున్నాను. ఆ రెండింటినీ విడివిడిగా చూసినంతకాలం ఆరోగ్య వార్తలు తప్పుగానే రాశానని ఆలస్యంగా తెలిసింది. ఉత్తరాంధ్రలో ఒక జ్వరం గురించి రాయాలంటే అది ఏ సరిహద్దులో లెక్కకు వచ్చిందో, ఏ ఆసుపత్రిలో నమోదైందో, ఏ పేరుతో పిలవబడుతోందో తెలియాలి. ఈ మూడింటికీ జవాబులు వైద్యశాఖ ప్రకటనలో దొరకవు, ఈ నేల గడిచిన రెండు వందల ఏళ్ల చరిత్రలో ఉంటాయి.

సరిహద్దు సంగతి ముందు చూద్దాం. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో విశాఖపట్నం జిల్లా అంటే సుమారు 17 వేల చదరపు మైళ్ల భూభాగం, మద్రాసు రాజధానిలో అతిపెద్ద జిల్లాల్లో ఒకటి. ఈనాడు ఒడిశాలో ఉన్న కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ ప్రాంతాలు జయపురం సంస్థానం కింద ఈ జిల్లాలోనే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఆ కొండసీమ విడిపోయింది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. ఆ తరువాతది 2022 విభజన. ఇన్నిసార్లు కోసిన గుడ్డను ప్రతిసారీ విశాఖపట్నం జిల్లా అనే పిలుస్తున్నాం కనుక, "గత యాభై ఏళ్లలో విశాఖ జిల్లాలో" అని మొదలయ్యే ఏ ఆరోగ్య వాక్యాన్నైనా ఆగి అనుమానించాలి.

జిల్లా పరిధి ఒకటైతే నగరపాలక సంస్థ పరిధి మరొకటి. 1979లో నగరపాలక సంస్థ అయిన విశాఖపట్నం 2005లో గాజువాకను, చుట్టుపక్కల గ్రామాలను కలుపుకొని మహా విశాఖ అయింది. తరువాత భీమునిపట్నం, అనకాపల్లి కూడా కలిశాయి. జిల్లాలు విడిపోయాక అనకాపల్లి పట్టణం పాలనలో మహా విశాఖ నగరపాలక సంస్థకు, రెవెన్యూలో అనకాపల్లి జిల్లాకు చెందే విచిత్రమైన స్థితి ఏర్పడింది. అక్కడ ఒకరికి డెంగీ వస్తే నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగం తన లెక్కలో చూపవచ్చు, అనకాపల్లి జిల్లా వైద్యాధికారి తన లెక్కలో చూపవచ్చు. రెండూ కలిపి రాసిన విలేకరి ఒక మనిషిని ఇద్దరిగా చూపిస్తాడు. ఇద్దరు అధికారులూ అవతలివారిదే అనుకుంటే ఆ మనిషి ఎవరి లెక్కలోనూ కనిపించడు.

ఈ కోతలు సంఖ్యలను ఎలా మారుస్తాయో చూడటానికి తరగతిలో నేను నల్లబల్ల మీద ఒక లెక్క వేస్తాను. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి విశాఖ జిల్లా జనాభా దాదాపు 43 లక్షలు, అందులో పదకొండు కొండ మండలాల వాటా సుమారు 6 లక్షలు. ఇక్కడి నుంచి కేసుల సంఖ్యలు మాత్రం లెక్క కోసం ఊహించుకున్నవి. ఏడాదిలో జిల్లా మొత్తం మీద 4,300 మలేరియా కేసులు వచ్చాయని, అందులో 4,000 కొండల మీదివని అనుకుందాం. మలేరియా కార్యక్రమంలో వాడే ప్రధానమైన కొలమానం వార్షిక పరాన్నజీవి సూచిక, అంటే ఏడాదిలో ప్రతి వెయ్యి మందికి తేలిన కేసులు. దీన్ని ఏపీఐ అంటారు. ఉమ్మడి జిల్లాకు ఆ సూచిక సరిగ్గా 1 వస్తుంది. కొండ మండలాలకు మాత్రమే కడితే 6.7 దాకా ఉంటుంది. మైదానానికి, నగరానికి కడితే 0.1 కూడా ఉండదు. జిల్లా ఒకటిగా ఉన్నప్పుడు కొండల మీది తీవ్రతను నగర జనాభా పలుచన చేసి దాచింది. జిల్లా విడిపోయాక నగరం ఒక్కసారిగా ఆరోగ్యవంతమైనట్టు, కొత్త జిల్లా ఒక్కసారిగా జబ్బుపడినట్టు కనిపించింది. పల్లెలో దోమా మారలేదు, మనిషీ మారలేదు. భాగహారంలో కింద ఉండే సంఖ్య మారింది.

పైన ఉండే సంఖ్యకూ ఒక కథ ఉంది. మలేరియా కేసు అంటే జ్వరం వచ్చిన మనిషి అని పాఠకులు అనుకుంటారు. అధికారిక లెక్కలో కేసు అంటే రక్తపరీక్షలో పరాన్నజీవి కనిపించిన మనిషి. వేలికొన మీద సూదితో గుచ్చి తీసిన చుక్కను గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు, లేదా అక్కడికక్కడే కిట్‌తో పరీక్షిస్తారు. మా ప్రాంతపు వార్తల్లో రక్తపూతలు అని రాసేది ఈ పనినే. ఎన్ని పూతలు తీశారన్నది తెలియకుండా ఎన్ని కేసులు తేలాయన్న సంఖ్యకు అర్థం లేదు. జనాభాలో ఏడాదికి కనీసం పది శాతం మందికి పరీక్ష జరగాలన్నది ఈ కార్యక్రమంలో చాలాకాలంగా ఉన్న నియమం. సిబ్బంది ఖాళీలున్న ఏడాది, వాగులు పొంగి ఊళ్లకు దారి తెగిన నెల, పూతలు తగ్గుతాయి, కేసులూ తగ్గుతాయి. 2020లో మలేరియా సిబ్బందిని కోవిడ్ పనికి మళ్లించడంతో దేశవ్యాప్తంగా మలేరియా పరీక్షలు బాగా పడిపోయాయి. ఆ ఏడాది సంఖ్యను ముందు ఏడాది సంఖ్య పక్కన పెట్టి "తగ్గుముఖం" అని శీర్షిక పెట్టడం తేలిక. మరో చిక్కు ఏమిటంటే, మలేరియా ఏళ్ల తరబడి ఉన్న ఊళ్లలో పెద్దవాళ్ల ఒంట్లో పరాన్నజీవి ఉన్నా జ్వరం రాకపోవచ్చు. వాళ్లు ఆసుపత్రికి రారు. ఇల్లిల్లూ తిరిగి పరీక్షిస్తేనే లెక్కకు వస్తారు. కనుక బాగా పనిచేసిన సిబ్బంది ఉన్న మండలంలో కేసులు పెరిగినట్టు, పని జరగని మండలంలో తగ్గినట్టు కనిపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పెరిగినందుకు సిబ్బందిని నిందిస్తూ వార్త రాస్తే మరుసటి ఏడాది వాళ్లు పూతలు తీయడమే తగ్గిస్తారు. ఇది విలేకరి చేతిలో ఉన్న హాని.

అసలు కొండల మీదే మలేరియా ఎందుకు ఇంతగా పాతుకుపోయింది? నగరంలో దోమలు లేకనా? విశాఖలో దోమలకు కొదవ లేదని ఇక్కడ ఒక్క రాత్రి గడిపినవారికి తెలుసు. దోమ జాతి వేరు, నీరు వేరు. తూర్పు కనుమల వాలుల్లో ఏడాది పొడవునా నెమ్మదిగా పారే సన్నని గెడ్డలు ఉంటాయి. అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ అటువంటి శుభ్రమైన పారే నీటి అంచున, గడ్డి నీడలో గుడ్లు పెడుతుంది. మనిషి రక్తాన్ని ఎక్కువగా ఇష్టపడుతుంది. మలేరియా కారక పరాన్నజీవుల్లో ప్రాణం మీదికి తెచ్చేది ఫాల్సిపేరం. కొండల మీద దాని వాటాయే ఎక్కువ. నగరంలో మురుగునీట పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలును మోస్తుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరమంతటా తరతరాలుగా బోదకాలు ఉన్నది ఆ దోమ వల్లనే. ఇంటిలోపల తొట్టెల్లో, డ్రమ్ముల్లో నిలవ ఉంచిన మంచినీట పెరిగేది ఏడిస్ దోమ. అది పగలు కుట్టి డెంగీని అంటిస్తుంది.

నగరంలో డెంగీకి నీటి చరిత్ర తోడైంది. విశాఖ పెరిగినంత వేగంగా విశాఖ నీరు పెరగలేదు. ఒకప్పటి ముడసర్లోవ సరిపోక గోస్తని, తాటిపూడి, మేహాద్రిగెడ్డ, రైవాడ, చివరికి ఏలేరు కాలువ దాకా నగరం నీటికోసం చేతులు చాచుతూనే వచ్చింది. కొళాయి ఏ వేళకు వస్తుందో, ఎంతసేపు వస్తుందో అన్న బెంగతో బతికిన ఊళ్లో ప్రతి ఇంట్లోనూ డ్రమ్ములుంటాయి, కొండవాలు కాలనీల్లో మరీ ఎక్కువగా ఉంటాయి. ఏడిస్ గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని శుక్రవారం డ్రైడే అంటూ ప్రచారం చేస్తారు. నీరు రోజూ వచ్చే ఇంటికి ఆ సలహా సులువు. వచ్చిన నీటిని ప్రాణంలా దాచుకునే ఇంటికి దాన్ని పారబోయమనడం ఎంత కష్టమో రాయకుండా, ప్రజల నిర్లక్ష్యం వల్ల డెంగీ అని రాయడం న్యాయం కాదు.

కొండల దగ్గరికే మళ్లీ వస్తాను, ఎందుకంటే ఇక్కడే చరిత్ర లోతుగా ఉంది. మనం రోజూ వాడే ఏజెన్సీ అనే మాట ఎక్కడిదో నా విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. 1830లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో వచ్చిన తిరుగుబాట్ల తరువాత, 1839లో కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసి ఈ జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించింది, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా నియమించి వాటిని అతని చేతిలో పెట్టింది. ఏజెంటు పాలించే చోటు కనుక అది ఏజెన్సీ. ఆ కంపెనీ లేదు, ఆ గవర్నరు లేడు, ఆ మాట మాత్రం వైద్యశాఖ పట్టికల్లోనూ వార్తల శీర్షికల్లోనూ ఉండిపోయింది. ఏజెన్సీలో జ్వరాలు అని రాసినప్పుడు, జ్వరం ఆ నేలకు సహజమన్నట్టు, మిగతా జిల్లాకు వర్తించే ప్రమాణాలు అక్కడికి వర్తించవన్నట్టు ఒక పాత ధ్వని తెలియకుండానే వినిపిస్తుంది.

ఆ ధ్వనికి మూలం పాలకుల రికార్డుల్లో ఉంది. 1879-80 నాటి రంప పితూరీలోనూ, 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన పోరాటంలోనూ కొండలెక్కిన బలగాలకు తుపాకులతో పాటు జ్వరమూ శత్రువే. గూడెం కొండల గాలే ప్రాణాంతకమని అప్పటి అధికారులు నమ్మారు. అందువల్ల మన్యానికి జ్వరమే కోట అన్న మాట కథల్లోకి, మన గర్వంలోకి కూడా వచ్చింది. నేను కూడా ఒకప్పుడు అలాగే రాశాను. తరువాత ఆలోచిస్తే ఆ రికార్డులు ఎవరి జ్వరాన్ని లెక్కపెట్టాయన్న ప్రశ్న వచ్చింది. అవి సిపాయిల జ్వరాన్ని, పోలీసుల జ్వరాన్ని, దొరల జ్వరాన్ని లెక్కపెట్టాయి. కొండ పెద్దలు తట్టుకున్నారంటే, పసితనంలో పదేపదే జ్వరపడి బతికి బయటపడ్డారన్నమాట. బతకని పిల్లలు ఏ రికార్డులోనూ లేరు. మన్యాన్ని కాపాడిందని మనం చెప్పుకునే జ్వరానికి మూల్యం చెల్లించినవాళ్లు ఆ పిల్లలు.

వాళ్లు ఉన్నారనడానికి ఆధారం వేరే చోట, మలేరియా శాస్త్రజ్ఞుల కొలతల్లో దొరుకుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన తరువాత, దేశంలో మలేరియా ఎక్కడ ఎంత ఉందో తెలుసుకునే సర్వేలు మొదలయ్యాయి. జయపురం కొండల మలేరియా మీద 1914 నాటికే శాస్త్రీయ పరిశోధన వెలువడింది. రక్తపరీక్ష అన్నిచోట్లా సాధ్యం కాని ఆ రోజుల్లో పిల్లల పొట్టను చేత్తో నొక్కి చూసి, కడుపులో ఎడమవైపు ఉండే ప్లీహం అనే అవయవం ఉబ్బిందో లేదో నమోదు చేసేవారు. ఎంత శాతం పిల్లల్లో ప్లీహం ఉబ్బితే అంత మలేరియా అని లెక్క. ఆ ఉబ్బునే మన పల్లెల్లో బల్ల అనేవారు. కడుపులో బల్ల ఉందంటే ఏదో కట్టెలాంటిది అడ్డంగా ఉందని పిల్లలు భయపడేవాళ్లు. ఆ పాత మాట ఈనాటి వైద్య పరిభాషలో లేదు గానీ, ఒక ఊరి మలేరియా చరిత్రను పెద్దవాళ్ల నోట రాబట్టడానికి దానికంటే మంచి తాళంచెవి నాకు దొరకలేదు.

స్వాతంత్ర్యం తరువాత కథ వేగంగా నడిచింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. డీడీటీ చల్లడంతో 1960లలో దేశం మొత్తం మీద కేసులు లక్ష స్థాయికి పడిపోయాయి. విజయం వచ్చేసిందనుకున్న చోట నిఘా సడలింది, దోమలు మందుకు అలవాటుపడ్డాయి, 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. ఆ మరుసటి ఏడాది నుంచి నిర్మూలన అన్న లక్ష్యాన్ని పక్కనపెట్టి కొత్త ప్రణాళిక అమలు చేశారు. కొండల మీద దోమల మందు పిచికారీ ఎందుకు తడబడుతుందో కూడా ఇక్కడే చెప్పాలి. మందు గోడకు పట్టి ఉంటేనే దాని మీద వాలిన దోమ చస్తుంది. మట్టి గోడల ఇళ్లను పండుగకూ శుభకార్యానికీ ఎర్రమట్టితో అలికి మెత్తుకోవడం గిరిజనుల ఆచారం. పిచికారీ జరిగిన తరువాత అలికితే మందు మట్టి కిందకు పోతుంది. దీన్ని మూఢత్వమని రాసినవాళ్లున్నారు. ఇంటిని శుభ్రంగా ఉంచుకోవడం మూఢత్వం ఎలా అవుతుంది? పండుగ ఎప్పుడో కనుక్కుని ఆ తరువాత మందు చల్లితే సరిపోతుంది. పిచికారీ తేదీల పట్టిక పక్కన ఆ ఊరి పండుగల తేదీలు రాసుకుని చూడటం ఆరోగ్య విలేకరి చేయగల చాలా ఉపయోగకరమైన పని.

ఇక ఆసుపత్రి. విశాఖలో మరణాల వార్త అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) పేరు రాకుండా ఉండదు. 1923 జూలైలో అప్పటి మద్రాసు రాజధాని ప్రధాని పానగల్ రాజా ప్రారంభించిన ఆసుపత్రి అది. దానితో పుట్టిన వైద్య కళాశాల 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అయింది. ఆ ఆసుపత్రిని కట్టిన నాటి జిల్లాలో జయపురం కొండలు కూడా ఉన్నాయన్నది గమనించాలి. 1936లో సరిహద్దు గీశాక కూడా కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి రోగులు సాలూరు ఘాట్ దిగి, కిరండూల్ రైలెక్కి కేజీహెచ్‌కు వస్తూనే ఉన్నారు. కొరాపుట్‌లో వైద్య కళాశాల వచ్చింది 2017లో. అప్పటికి ఎనభై ఏళ్లకు పైగా ఒక రాష్ట్రం రోగులకు మరో రాష్ట్రపు ఆసుపత్రి పెద్దదిక్కుగా ఉంది. రద్దీగా ఉన్న వార్డును చూసి ఒడిశా వాళ్ల వల్ల మనకు మంచాలు లేవని గొణిగే మాటలు నేను విన్నాను. ఆ రోగి తాతకు అది సొంత జిల్లా ఆసుపత్రి.

ఈ వలస లెక్కల్లో మరో చిక్కు తెస్తుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. పెదబయలు బిడ్డ, శ్రీకాకుళం రైతు, మల్కన్‌గిరి బాలింత కేజీహెచ్‌లో కన్నుమూస్తే ముగ్గురి మరణాలూ విశాఖ నగరంలోనే నమోదవుతాయి. నివాసం ఎక్కడన్నది ఫారంలో వేరే గడిలో ఉంటుంది. ఆ గడి చూడకుండా నగరంలో మరణాలు పెరిగాయని రాస్తే నగరవాసి అనవసరంగా హడలిపోతాడు, పెదబయలులో ఏం జరుగుతోందని అడిగేవాడు ఉండడు. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ప్రాంతపు మూత్రపిండాల వ్యాధి ఎంత విస్తరించిందో వెలుగులోకి రావడంలో కేజీహెచ్ వైద్యుల పాత్ర ఉన్నదంటే, ఎవరో ఆ గడిలో ఊరి పేర్లను శ్రద్ధగా చూసినందువల్లనే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు అని ఒకే తీరం పేర్లు మళ్లీ మళ్లీ వస్తుంటే అది యాదృచ్ఛికం కాదని తోస్తుంది. మలేరియాలో ఈ గడి మరీ ముఖ్యం. దోమ కుట్టాక జ్వరం బయటపడటానికి పదిరోజులో, రెండువారాలో పడుతుంది, వైవాక్స్ అనే మరో రకం పరాన్నజీవి అయితే కాలేయంలో నెలల తరబడి దాగి ఉండి మళ్లీ లేస్తుంది. సెలవులకు కొండ మీది ఇంటికి వెళ్లివచ్చిన విద్యార్థికి నగరంలోని వసతిగృహంలో జ్వరం వస్తే, కేసు తేలిన చోటు నగరం, సోకిన చోటు కొండ.

చివరగా పేరు. తెలుగు పత్రికల్లో వానాకాలం వస్తే ముందే సిద్ధంగా ఉండే శీర్షికలు కొన్ని ఉన్నాయి. మంచం పట్టిన మన్యం, విజృంభిస్తున్న విషజ్వరాలు. విషజ్వరం అనే పేరుతో వైద్యశాస్త్రంలో జబ్బేదీ లేదు. ఆ ఒక్క మాట కింద మలేరియా, డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా, స్క్రబ్ టైఫస్, ఎలికజ్వరం అన్నీ పడి ఉంటాయి. మలేరియాకూ డెంగీకీ దోమ కారణమైనా ఆ దోమలు వేరు. టైఫాయిడ్ కలుషితమైన నీటితోనూ తిండితోనూ వస్తుంది. స్క్రబ్ టైఫస్ పొదల్లో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది, చాలామందిలో కుట్టినచోట నల్లటి పక్కు కడుతుంది. విషజ్వరం అని రాసినప్పుడు ఏ శాఖ ఏం చేయలేదన్న ప్రశ్న అడగడానికే వీలుండదు.

ఇది నేను చేసిన తప్పు కూడా. విలేకరిగా తొలి సంవత్సరాల్లో ఒక కొండ గ్రామంలో ఇద్దరు చనిపోతే విషజ్వరాలతో ఇద్దరి మృతి అని రాశాను. వార్త వచ్చిన రెండోరోజే అధికారులు కదిలి ఊరంతా దోమల మందు చల్లించారు. నేను సంతోషించాను. నెల తరువాత వేరే పనిమీద ఆసుపత్రికి వెళ్లినప్పుడు, వాళ్లలో ఒకరికి వచ్చింది టైఫాయిడ్ అని, పేగుకు రంధ్రం పడి చనిపోయారని వైద్యుడొకరు చెప్పారు. ఆ ఊరు తాగేది ఊట నీరు. ఆ ఊట పక్కనుంచే నేను నడిచి వెళ్లాను, దాని గురించి ఒక్క వాక్యం రాయలేదు. నా వార్త వల్ల ఊరికి మందు వచ్చింది, మంచినీరు రాలేదు. ఆ మాట ఇప్పటికీ ప్రతి కొత్త తరగతికీ చెబుతాను.

పేరు పెట్టిన చోట కూడా జాగ్రత్త కావాలి. ప్రైవేటు ల్యాబులో కిట్ మీద డెంగీ అని వస్తే కుటుంబం డెంగీ అనే చెబుతుంది. ప్రభుత్వం మాత్రం ఎలైజా అనే ప్రయోగశాల రక్తపరీక్షలో తేలితేనే డెంగీగా లెక్కిస్తుంది. జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో అయితే వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్‌ఎస్1 ఎలైజా, ఆ తరువాత వైరస్‌పై ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను పట్టే ఐజీఎం ఎలైజా చేయాలి. అందువల్ల ఆసుపత్రులు చెప్పే సంఖ్య, అధికారులు చెప్పే సంఖ్య ఎప్పుడూ కలవవు. అధికారులు దాస్తున్నారని వెంటనే రాయడమూ, అధికారిక సంఖ్యే సత్యమని రాయడమూ రెండూ తొందరపాటే. ఏ పరీక్ష, ఏ రోజున చేశారన్నది అడిగి ఆ రెండు సంఖ్యలనూ వాటి కొలమానాలతో సహా పాఠకుడి ముందు పెట్టాలి.

మా విద్యార్థిని తన వార్తను పది రోజులు దగ్గర పెట్టుకుంది. కొత్త జిల్లాల సరిహద్దులతో పాత మండలాల సంఖ్యలను మళ్లీ కూడుకుంది. ఎన్ని రక్తపూతలు తీశారని అడిగి తెచ్చుకుంది. దసరా సెలవులకు ఊరు వెళ్లినప్పుడు, నేను చెప్పిన బల్ల అనే మాటను నాయనమ్మ దగ్గర కదిపింది. తన చిన్నప్పుడు ఒక డాక్టరుబాబు వచ్చి, ఊరి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి పొట్టలు నొక్కి చూసి కాగితం మీద రాసుకుని వెళ్లాడని ఆ పెద్దావిడ చెప్పింది. ఏ సంవత్సరమో ఆమెకు తెలియదు. అప్పుడు ఇంకేం జరుగుతుండేదని అడిగి రమ్మన్నాను. ఫోన్లో అడిగి వచ్చింది. కొండ తొలిచి రైలు లైను వేస్తున్న రోజులు, మందుగుండు పేలినప్పుడల్లా మేకలు బెదిరి పారిపోయేవి అని నాయనమ్మ చెప్పిందట. కొత్తవలస నుంచి కిరండూల్‌కు లైను వేసింది 1960లలో. అంటే మలేరియా నిర్మూలన కార్యక్రమం నడుస్తున్న రోజులన్నమాట. ఆ వరసలో నిలబడిన పిల్లల్లో ఎంతమందికి బల్ల ఉందో ఆ కాగితం మీద ఉండి ఉంటుంది. అటువంటి కాగితాలు ఎక్కడ దాచి ఉంటారని ఆమె అడిగింది. పాత జిల్లా మలేరియా కార్యాలయపు రికార్డులు విభజన తరువాత పాడేరుకు వెళ్లాయా, విశాఖలోనే ఉన్నాయా అని కనుక్కోవడం దగ్గర మొదలుపెట్టమన్నాను. మరునాడు ఉదయం మొదటి పీరియడుకు ఆమె రాలేదు. ఆ కార్యాలయానికి వెళ్లిందని స్నేహితురాలు చెప్పింది.